ఎనిమిది ఒంటెల కొండ

అజ్నా,
మెహర్ నెల చివర

గీతీ జాన్,

ఈ పొద్దున రొట్టెలకి వెళ్తే వరసలో నిలబడ్డ వాళ్ళందరూ తలలెత్తి అటే చూస్తున్నారు. నిన్న సాయంత్రం దాకా బూడిదరంగులో ఉన్న కొండ తెల్లారేసరికి తెల్లబడిపోయింది. ఎనిమిది ఒంటెలూ, అదే మన ఎనిమిది శిఖరాలూ, వరసగా, మెడలు సాచి, వీపుల మీద మంచు వేసుకుని నిలబడ్డాయి. రొట్టెల కొట్టు మష్దీ "ఈసారి తొందరపడిందమ్మా చలి" అన్నాడు. నాకు పక్కకి తిరిగి ఎవరినైనా మోచేత్తో పొడవాలనిపించింది. పక్కన రైల్వే ఆయన ఉన్నాడు. ఊరుకున్నాను.

నువ్వు బుషెహ్ర్ వెళ్ళాక ఇది రెండో చలికాలం. మా అమ్మ పోయాక మొదటిది. సమోవర్‌లో టీకి నీళ్ళు సగమే పోస్తున్నా. అయినా మిగిలిపోతున్నాయి.

అసలు సంగతి విను. నిన్న మన కొండ బృందం వాళ్ళం దర్జీ కొట్టు వెనక గదిలో కూర్చున్నాం. బృందం పెద్దగా ఖుద్రత్ ఆగా మీసం సవరించుకుని చెప్పాడు. "ఈ నడి చలికాలం, బహ్మన్ నెలలో, ఒంటెల వరస మొత్తం. ఈ కొస నించి ఆ కొస దాకా, కిందికి దిగకుండా, గట్టు మీదే." చలికాలంలో మన ఊరివాళ్ళెవరూ చెయ్యలేదు కదా ఆ పని. నేను చెయ్యెత్తాను.

"కోకబ్ ఖానుమ్, మీ కాళ్ళ మీద నాకు అనుమానం లేదు. ఊరి నోరంటేనే భయం," అన్నాడు ఆయన. "ఇంతమంది మగాళ్ళు, ఒక్క ఆడమనిషి, కొండ మీద గుడారాల్లో రాత్రిళ్ళు. రేపు మీ బడి పెద్ద పంతులమ్మ వచ్చి నా మీసం పట్టుకుంటే?"

"ఆవిడ పొట్టిది ఆగా, అందదు," అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇద్దరు ఆడవాళ్ళుంటే మీకు వేరే గుడారం వేస్తాం. గీతీ ఖానుమ్‌ని పిలిపించండి. ఆమె వస్తే మీరూ వస్తారు. లేకపోతే లేదు."

కాబట్టి నువ్వు వస్తున్నావు. వస్తావా అని అడగట్లేదు చూశావా. ఆడపిల్లలకి ఆటలు నేర్పే టీచర్ని, నాకు అడగడం రాదు, ఈల వెయ్యడమే వచ్చు.

నీ కోకబ్

*

బుషెహ్ర్,
ఆబాన్ నెల

కోకబక్కా,

నీ ఉత్తరం చెమట చేత్తో విప్పాను. సగం సిరా నా వేళ్ళకే అంటుకుంది, మీసం సంగతి చదవడానికి తంటాలు పడ్డాను. మీకు అక్కడ మంచు పడుతోందా? ఇక్కడ నేను ఇంకా తడిగుడ్డ మెడకి చుట్టుకుని వంట చేస్తున్నా.

వస్తానే తల్లీ, వస్తాను! రాకుండా ఎలా ఉంటాను? జమ్‌షీద్‌కి చెప్పాను. ఆయన ఓడరేవు నించి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "నిన్ను చేసుకున్నప్పుడే తెలుసు, సగం నువ్వు మీ కోకబక్క సొత్తువని. వెళ్ళు. ముక్కూ చెవులూ ఉన్నవి ఉన్నట్టు తీసుకురా," అన్నాడు. మా అత్తగారు మాత్రం ఇంకా నమ్మట్లేదు. "పెళ్ళయినదానికి కొండెందుకు? చూడాలంటే ఇక్కణ్ణించి కనపడట్లేదా సముద్రం, అదీ పెద్దదే కదా," అంటుంది.

బూట్లు బయటికి తీసి వాకిట్లో ఎండబెట్టాను. పక్కింటి జరీ ఖానుమ్ తొంగి చూసి, "ఇవి చేపల కంపెనీ వాళ్ళిచ్చారా?" అంది. అవునన్నాను. ఎంతని వివరించను?

ఇక్కడ కొండా లేదు, గుట్టా లేదు. ఎత్తయిందంటే కస్టమ్స్ ఆఫీసు మెట్లే. ఖర్జూరాల బస్తా భుజాన వేసుకుని పొద్దున్నే ఎక్కి దిగుతున్నా. కాపలా తాత మొదటిరోజు "అమ్మాయీ, పైన ఎవరూ కొనరు, బజార్ అటు" అన్నాడు. ఇప్పుడు లెక్కచెయ్యడు.

ఈ మధ్య ఒంటెలు కలలోకి వస్తున్నాయి. అది సరే. నిన్న చింతపండు పోసి చేపల పులుసు చేశాను, నీకు వాసన చూపించాలనిపించింది. సమోవర్ నిండా నీళ్ళు పొయ్యి. నేను వస్తున్నానుగా.

గీతీ

*

అజ్నా,
ఆజర్ నెల

ఒసే గీతీ,

బస్తా మోస్తున్నావా! నీ ఉత్తరం దర్జీ కొట్టులో గట్టిగా చదివాను. ఖుద్రత్ ఆగా కూడా నవ్వాడు ఈసారి. మన ఇద్దరి పేర్లూ గోడ మీది కాగితం మీద రాశాడు. గుడారం మనది వేరే. తాడు మనది వేరే. మగాళ్ళు ముందు నడుస్తారట, మంచులో దారి తొక్కడానికి. నడవనీ. రెండో ఒంటె దాటేసరికి నాలుకలు బయటపెడతారు, అప్పుడు మనం ముందుకొస్తాం.

నీకు పిక్కల తొడుగులు కుట్టాను, అమ్మ పాత వానకోటు చించి. నా పాత మంచుగొడ్డలి సానపట్టించాను. నీ బూట్లకి కట్టే ఇనప పళ్ళు తుప్పు పట్టి ఉంటాయి, ఆ తేమలో. తెచ్చేయి, ఇక్కడ రుద్దుకుందాం.

శుక్రవారం ఒక్కదాన్నే మొదటి ఒంటె భుజం దాకా వెళ్ళొచ్చాను. మంచు ఇంకా మెత్తగా ఉంది, మోకాలి దాకా దిగుతోంది. బహ్మన్‌కి గట్టిపడుతుంది. అక్కణ్ణించి మూడో ఒంటె కనిపించింది. రెండేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. గాలికి గట్టు అంచున పేరుకున్న మంచు చూరు నీ కాళ్ళ కింద విరగడం, నువ్వు అటువైపు పడిపోతే, మనిద్దరికీ కట్టిన తాడు నిన్ను ఆపాలని నేను ఇటువైపు దూకడం. గట్టుకి ఆ పక్కన నువ్వు, ఈ పక్కన నేను, తక్కెడలో రెండు రాళ్ళలా. గాల్లో వేలాడుతూ నా ఏడు తరాల్నీ పేరుపేరునా తిట్టావే! పోయిన మా తాతని కూడా వదల్లేదు. మన బృందంలో ఇప్పటికీ ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే మొదట ఆ కథే చెప్తారు.

ఈసారి మూడో ఒంటెకి మనం బాకీ తీర్చాలి.

రైలు ఏ రోజు ఎక్కేదీ రాయి. స్టేషన్‌కి వస్తాను. కుంపటి మీద బల్ల వేసి, దుప్పటి కప్పి సిద్ధంగా ఉంచుతా, దిగగానే కాళ్ళు లోపల పెట్టేద్దువు గాని. ఎవరితోనైనా మాట్లాడి చాలారోజులైంది. పిల్లలతో అరవడం మాట్లాడటం కిందికి రాదు.

కోకబ్

*

బుషెహ్ర్,
దయ్ నెల

అక్కా,

ఆలస్యంగా రాస్తున్నా. అత్తగారికి నడుం పట్టేసింది. ఇంటి పని అంతా నా మీదే. జమ్‌షీద్‌కి రాత్రి డ్యూటీలు వేశారు. పైగా బస్సు అహ్వాజ్ దాకా సరిగ్గా నడవట్లేదంటున్నారు, వానలకి.

వస్తాను. రానని కాదు. బహ్మన్ మొదటి వారంలో బయల్దేరుతా. గురువారం మధ్యాహ్నం బండికి చూడు.

వాతావరణం బాగాలేకపోతే ఖుద్రత్ ఆగా కార్యక్రమం మానేస్తాడా? ఊరికే అడిగాను.

తొడుగులు కుట్టినందుకు నీ చేతులకి ముద్దులు.

గీతీ

*

అజ్నా,
బహ్మన్ నెల

గీతీ,

గురువారం మధ్యాహ్నం బండికి చూశాను. మా మేనల్లుడి బండి తీసుకెళ్ళాను, నీ సామాను కోసం. దిగినవాళ్ళందరూ వెళ్ళిపోయాక కూడా నిలబడ్డాను. స్టేషన్ మాస్టర్ జెండా చుట్టేసి, "ఎవరమ్మా రావాల్సింది?" అన్నాడు. స్నేహితురాలు అనబోయి చెల్లెలన్నాను. "సాయంత్రం ఇంకో బండి ఉంది" అన్నాడు. దానికీ చూశాను. శుక్రవారం కూడా వెళ్ళాను. మూడోసారి ఆయన కుర్చీ జరిపాడు. టీ ఇచ్చాడు.

శనివారం వేకువన మగాళ్ళు బయల్దేరారు. నా సంచీ కట్టి వాకిట్లో పెట్టుకుని నిలబడ్డాను. ఖుద్రత్ ఆగా నా మొహం చూడలేకపోయాడు. "నా మాట మీద నేనుండాలి ఖానుమ్," అన్నాడు. అవునన్నాను. ఆయన తప్పు లేదు.

మూడో ఒంటె దగ్గర గాలి తోసేస్తే వెనక్కి వచ్చేశారు. ఈ ఏటికి ఇక లేదన్నారు.

నీకేమీ కాలేదని తెలుసు. నీకు ఏమైనా అయి ఉంటే జమ్‌షీద్ టెలిగ్రాం ఇచ్చేవాడు. రాలేనంటే ఒక్క ముక్క రాయొచ్చు. ఇంత సిరాకి కూడా తగనా నేను?

నాకింక రాయకు.

కోకబ్

*

బుషెహ్ర్,
బహ్మన్ చివర

అక్కా,

రాయకన్నావు. ఈ ఒక్కటీ చదువు. తర్వాత పొయ్యిలో పెట్టు.

నేను బయల్దేరాను. జమ్‌షీద్ బస్సు ఎక్కించాడు, అత్తగారు నడుం పట్టుకునే వచ్చి ప్రయాణం క్షేమంగా సాగాలని కురాన్ కింద నించి దాటించింది. అహ్వాజ్‌లో రైలు ఎక్కాను. నా ఎదురుగా ఒక ముసలమ్మ, చేతిలో కోడి. "ఎక్కడికి తల్లీ ఇంత పెద్ద సంచీతో?" అంది. కొండకి అన్నాను. "ఎవరున్నారక్కడ?" అంది. మా అక్క ఉందన్నాను. ఇద్దరం ఉడకేసిన గుడ్లు తిన్నాం. అందీమెష్క్ దాటాక సొరంగాలు మొదలయ్యాయి. చీకటి, వెలుతురు, చీకటి. ప్రతి సొరంగం తర్వాతా నేను కిటికీలోంచి చూడకుండా కోడినే చూశాను.

దొరూద్ దగ్గర లోయ విడిపోయింది. ముసలమ్మ "అదిగో నీ కొండ" అని నా గడ్డం పట్టుకుని తిప్పింది. తెల్లగా, అన్నీ ఒకేసారి. ఊపిరి లోపలికి పోతోంది, బయటికి రావట్లేదు. బండి దొరూద్ స్టేషన్లో ఆగగానే సంచీ తీసుకుని దిగేశాను. ఇంకొక్క స్టేషన్ అక్కా. ఒక్కటే. నువ్వు అక్కడ నిలబడి ఉన్నావని తెలుసు. నా బండి నేను లేకుండా నీ దగ్గరికి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ రాత్రి ఆడవాళ్ళ గదిలో కూర్చుని, వెనక్కి వెళ్ళే బండి ఎక్కాను. ఇంట్లో కార్యక్రమం రద్దయిందని చెప్పాను. జమ్‌షీద్ నమ్మాడు. దానికే ఏడుపొచ్చింది.

కస్టమ్స్ మెట్ల మాట కట్టుకథ. మొదటి రోజు సగం ఎక్కి గోడ పట్టుకుని కూలబడ్డాను. బస్తా కాపలా తాతే దింపాడు. ఇప్పుడు మా డాబా మీద బట్టలు కూడా జమ్‌షీదే ఆరేస్తాడు. నాకు మోకాళ్ళ నొప్పి అని ఆయనకి చెప్పాను.

ఆ రోజు మూడో ఒంటె మీద నించి పైకి లాగిన తర్వాత నువ్వు నవ్వావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే కిందికి దిగొచ్చాను, పెళ్ళి ఫోటోలో కూడా అదే నవ్వు. నా కాళ్ళ కింద ఏమీ లేదు అక్కా. ఇప్పటికీ లేదు. నిద్రలో లేదు, వంటింట్లో లేదు. నువ్వు ఆ కథ మళ్ళీ రాసి బాకీ తీర్చాలన్నప్పుడే చెప్పాల్సింది. చెప్తే నువ్వు నాతో ఇక ఏం మాట్లాడతావో నాకు తెలియలేదు. మనం ఎప్పుడైనా కొండ కాకుండా ఇంకేదైనా మాట్లాడుకున్నామా?

నీ కళ్ళల్లో పిరికిదాన్ని కాకూడదని, నిన్ను స్టేషన్‌లో నిలబెట్టాను.

గీతీ

*

అజ్నా,
ఎస్ఫంద్ చివర, నౌరూజ్ పండగ ముందు

గీతీ,

నీ ఉత్తరం తలుపు కింద నించి లోపలికి తోసి ఉంది. నేను దాని మీదే కాలు పెట్టి ఇంట్లోకి వచ్చాను. కట్టుకట్టిన కాలు, అందుకని తెలియలేదు. మర్నాడు మా మేనల్లుడి పెళ్ళాం ఊడుస్తూ ఇచ్చింది. అంటే, నేను వెళ్ళేముందు అది చదవలేదు. ఆ సంగతి నువ్వు నమ్మాలి. ఎందుకో మూడో ఒంటె దగ్గరికొస్తే తెలుస్తుంది.

నేను కొండకి వెళ్ళాను. ఒక్కదాన్నే. బడి పెద్దమ్మకి ఖొర్రమాబాద్‌లో పిన్నికి బాగాలేదని చెప్పాను. మగాళ్ళు మళ్ళీ వెళ్ళరు. నువ్వు రావు. ఇల్లు చూస్తే నోరు తెరుచుకుని ఉంది. సంచీ అప్పటికీ కట్టే ఉంది కదా, విప్పలేదు.

కొండ కింద ఊళ్ళో మాహ్‌తలా అవ్వ ఇంట్లో ఆగాను. మనకి పెరుగు పోసేది, గుర్తుందా. "మగాళ్ళేరీ?" అంది. వెనకొస్తున్నారన్నాను. "ఆఁ, వాళ్ళెప్పుడూ వెనకే వస్తార్లే," అని వేడి రొట్టెలు నా సంచీలో కుక్కింది. పొద్దు పొడవకముందే బయల్దేరాను.

మంచు గట్టిగా ఉంది, పైన పెంకులా. ఇనప పళ్ళు కరకరమని దిగబడుతుంటే ఆ చప్పుడుకే హాయిగా ఉంది. మొదటి ఒంటె ఎండలో దాటాను. రెండోది దాటేసరికి నీడలు నీలంగా అయ్యాయి. రెండో ఒంటెకీ మూడో ఒంటెకీ మధ్య మెడ మీద గుడారం వేశాను. పడుకున్నాక గమనించాను, గుడారంలో ఎడమ సగంలోనే ముడుచుకుని ఉన్నాను. కుడివైపు నీ చోటు. జరుగుదామనుకున్నాను. జరగలేదు.

మర్నాడు మూడో ఒంటె.

అక్కడ గట్టు ఎంత సన్నమో నీకు చెప్పక్కర్లేదు. కుడివైపు మంచు చూరు అంచంతా వేలాడుతోంది. అడుగున ఏముందో తెలియదు, బండా గాలా. చూరు మీదికి పోకుండా, ఎడమవైపు వాలులో మొహం మంచుకి ఆనించి, గొడ్డలి పొడిచి, కాలితో తన్ని మెట్టు చేసుకుంటూ అడ్డంగా పోవాలి. ఎన్నిసార్లు చెయ్యలేదు మనం! సగం దాకా వెళ్ళాను. నడుముకి తాడుంది. దాని రెండో కొస సంచీలో చుట్టి ఉంది. ఆ సంగతి తెలియనట్టు నా చెయ్యి వెనక్కి పోయి తాడు లాగింది. బిగువు లేదు. ఊరికే వచ్చేసింది.

అంతే. కాళ్ళు ఆగిపోయాయి. ముందుకీ కదలవు, వెనక్కీ కదలవు. మొహం మంచుకి అంటుకుపోయింది. గట్టిగా అరిచాను. ఎవరిని పిలిచానో తెలుసా? నిన్ను. పిలిచి, నువ్వు పలకలేదని తిట్టాను. మీ తాతని, మీ అత్తగారిని, ఆ రైలుని. తిడుతూ తిడుతూ ఉండగా నా గొంతు నాకే వినిపించింది. ఇది నేనెక్కడో విన్నాను అనుకున్నాను.

ఆ రోజు నేను గట్టుకి ఇవతల ఉన్నాను. తాడు నా పొట్టని కోస్తోంది, కాబట్టి నువ్వున్నావని నాకు తెలుసు. నేనున్నానని నీకేం తెలుసు? కింద ఏమీ లేదు, పైన ఎవరూ కనపడరు. నువ్వు తిట్టావా? తిట్టు కాదది, నేను ఉన్నానా, చచ్చానా అని అడిగావు. నేను నవ్వాను. రెండేళ్ళపాటు ఊరందరికీ చెప్పి నవ్వించాను.

అక్కడే ఏడ్చాను గీతీ. కన్నీళ్ళు గడ్డకట్టి రెప్పలు అతుక్కుంటే చేతి తొడుగుతో రుద్దుకున్నాను. తర్వాత ఒక కాలు కదిలింది. ఎందుకు కదిలిందో చెప్పలేను. ధైర్యమేమీ రాలేదు. చలి ఎక్కువై, ఉండలేక కదిలాను.

నాలుగోది తేలిక. ఐదోది ఎక్కుతుంటే మబ్బు వచ్చి మీద పడింది. నా చెయ్యి నాకు కనపడలేదు. రాళ్ళ వెనక మంచులో గొయ్యి తవ్వుకుని దూరాను. గాలి తగ్గేదాకా అందులోనే. అవ్వ రొట్టెలు అయిపోయాయి, ఎండు మల్బరీ పళ్ళు నమిలాను. ఎడమకాలి వేళ్ళు మొదట నొప్పెట్టాయి, తర్వాత మానేశాయి. మానేసినందుకు సంతోషించాను చూడు, అంత మతిపోయింది. పాటలు పాడాను. బడిలో పిల్లల హాజరు పిలిచాను. అందరి పేర్లూ అయ్యాక నీ పేరు పిలిచి, నేనే "హాజర్" అన్నాను.

గాలి ఆగిన పొద్దున ఆకాశం గాజులా ఉంది. ఆరు, ఏడు దాటాను. గట్టు వెడల్పుగా ఉంది అక్కడ, దేవుడి దయ. ఎనిమిదో ఒంటె మీద మధ్యాహ్నం నిలబడ్డాను.

ఇక్కడ అందరూ అడుగుతున్నారు, ఎలా అనిపించిందని. పిల్లలకి గొప్పగా చెప్పాను. నీకు నిజం చెప్తా. దాటొచ్చిన ఏడూ వెనక వరసగా కనిపిస్తున్నాయి, దగ్గరి వాటి మీద నా ఒక్కదాని అడుగులు. ముందుకి తిరిగితే ఇక కొండ లేదు. పక్కకి తిరిగాను. అలవాటు. శిఖరం మీద మొదట పక్కకి తిరిగి నీ మొహం చూసేదాన్ని కదా, ముక్కు ఎర్రగా, చీమిడి గడ్డకట్టి, ఎంత అసహ్యంగా ఉండేదానివో. అమ్మ పోయిన రోజు కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు. కూర్చోకుండానే దిగిపోయాను.

వాలు సగంలో మనుషులు కనిపించారు. ఖుద్రత్ ఆగా, ఇంకో ఇద్దరు. అవ్వ కబురు పంపిందట, వెనక వస్తారన్న మగాళ్ళు ఇంకా రాలేదని. నేను నిలబడి తిట్ల కోసం చూశాను. ఖుద్రత్ ఆగా మంచులో కూలబడి, నా బూట్లు విప్పి, మేజోళ్ళు లాగి, తన కోటూ చొక్కా గుండీలు తీసి, నా కాళ్ళు రెండూ తన పొట్టకి హత్తుకున్నాడు. ఆ ఇద్దరూ చూస్తుండగా. మొహం పక్కకి తిప్పుకుని పళ్ళు బిగబట్టాడు, ఐసు కదా.

"ఊరేమంటుంది ఆగా?" అన్నాను.

"ఊరు మూసుకుంటుంది," అన్నాడు. కోటు నా కాళ్ళ మీదికి లాగి, "నేను తీసుకెళ్ళాల్సింది, అమ్మాయీ," అన్నాడు. ఖానుమ్ అనలేదు.

ఎడమకాలి చిటికెన వేలూ, దాని పక్కదీ తీసేశారు. మిగతావి ఉంటాయంటున్నాడు డాక్టర్. కొండ ఇక ఎప్పుడో, ఎంతో, తెలియదు. బడి పెద్దమ్మ ఆస్పత్రికి వచ్చి, "మీ పిన్ని ఎలా ఉంది?" అని అడిగి, నారింజపళ్ళు పెట్టి వెళ్ళింది.

నువ్వు పిరికిదానివో కాదో నన్నడక్కు. నేను ఆ మూడో ఒంటె మీద ఉన్నంతసేపు నాకు దొరూద్‌లో దిగే వీలుంటే దిగేసేదాన్ని.

మనం కొండ కాకుండా ఇంకేదైనా మాట్లాడుకున్నామా అని అడిగావు. చాలా ఆలోచించాను. లేదే. ఒక్కసారీ లేదు.

కోకబ్

*

బుషెహ్ర్,
ఫర్వర్దీన్ నెల

అక్కా,

మీ ఊరి నించి క్షేమంగా చేరాను. జమ్‌షీద్ బస్సు దగ్గరికి వచ్చాడు. నువ్విచ్చిన అక్రోటు కాయలు అత్తగారు అప్పుడే సగం దాచేసింది. ఆవిడకీ ఆయనకీ అన్నీ చెప్పేశాను, దారిలో దిగిపోయిన సంగతి కూడా. ఆయన లేచి డాబా మీద బట్టలు తీసుకొచ్చాడు. అత్తగారు మాత్రం, "నేను చెప్పానా, సముద్రం చాలని," అంది.

దొరూద్ నించి కళ్ళు మూసుకుని, చెప్పకుండా వచ్చి నీ తలుపు కొట్టినప్పుడు నువ్వు కర్ర పట్టుకుని తెరిచి, "రొట్టెలు తెచ్చావా?" అన్నావు, పక్కింటి పిల్ల అనుకుని. నేను చేపల డబ్బా పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరం ఏడవనూ లేదు, నవ్వనూ లేదు. "కాళ్ళు తుడుచుకో" అన్నావు.

ఎంత కష్టమైందో కదా మొదటి రెండు రోజులు! నువ్వు టీ పోస్తావు, నేను తాగుతాను. నేను గిన్నెలు కడుగుతాను, నువ్వు వద్దంటావు. ఇన్నేళ్ళ స్నేహంలో నీకు వంకాయ పడదని నాకు తెలియదు. నాకు కడుపు పోయిందని, పెళ్ళయిన మొదటి ఏడాదే, నీకు తెలియదు. అది నేను గిన్నె తోముతూ చెప్పాను, నీ వైపు చూడకుండా. నువ్వు కర్ర పడేసి కుంటుకుంటూ వచ్చి నా పక్కన నిలబడి, తోమిన గిన్నెలన్నీ మళ్ళీ తోమావు.

మీ ముందు గది కిటికీ నిండా కొండే. నేను ఆ గదిలోకి రాలేక వంటింట్లోనే తిరుగుతున్నానని మూడో రోజు నువ్వు కనిపెట్టావు. తెర వేస్తావేమో అనుకున్నాను, వెయ్యలేదు. నీ పరుపు లాక్కెళ్ళి సరిగ్గా కిటికీకి అడ్డంగా వేసి, కొండకి వీపు పెట్టి కూర్చున్నావు. "రా, నా మొహం చూడు. అదీ ఎగుడుదిగుడే," అన్నావు.

వచ్చి కూర్చున్నాను. నీ భుజాల మీద నించి కొంచెం తెలుపు కనపడుతూనే ఉంది. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నాకు ఊపిరి సరిగ్గానే ఆడింది. ఒంటెల వైపు తప్ప ఇంకెటూ చూడని మనిషివి. చలికాలం మంచు కరిగిపోతున్న రోజుల్లో, ఇంకా నాలుగురోజులు పోతే కనపడని ఆ తెలుపుకి, నా కోసం వారం రోజులు వీపు పెట్టి కూర్చున్నావు.

నేను కొండ ఎక్కను అక్కా. ఇక ఎప్పటికీ ఎక్కను. ఆ మాట నీకు రాయగలుగుతున్నాను.

కాలికి ఉప్పునీళ్ళ కాపడం మానకు.

గీతీ

*

అజ్నా,
ఒర్దీబెహెష్త్ నెల

గీతీ,

కాలు మానుతోంది. బడికి వెళ్తున్నా, కుర్చీలో కూర్చుని ఈల వేస్తున్నా. ఖుద్రత్ ఆగా వచ్చే చలికాలానికి ఆడవాళ్ళ పేర్లు కూడా రాసుకుంటానన్నాడు. ఇప్పటికి ఎవరూ ఇవ్వలేదు.

మంచు పోయింది. కొండ రాళ్ళు తేలి బోసిగా ఉంది.

పరుపు ఇంకా కిటికీకి అడ్డంగానే ఉంది. సరిచెయ్యలేదు. సాయంత్రం బడి నించి వచ్చి అక్కడే, అలాగే కూర్చుంటున్నా. ఎదురుగా నువ్వు ఆనుకున్న గోడ. ఇల్లు ఇంతకు ముందు కూడా ఖాళీగానే ఉండేది, కానీ నాకు ఫలానా చోట ఖాళీ అని తెలిసేది కాదు.

వంకాయ లేకుండా ఏం వండాలో నేర్చుకుని రా. ఎప్పుడొస్తావే?

కోకబ్